ముసలైనంక చెప్త

ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు ఎల్లేశ్ పేరెత్తితే చాలు, మాట్లాడేవాడి గొంతు మారిపోతుంది. బతికున్నన్నాళ్లూ ఇదే ఊరు అతణ్ని "ఒరేయ్ ఎల్లిగా" అని పిలిచింది. ఉత్తరాన కొండల మీద కాపలా కాస్తుండగా మంచు చరియ విరిగిపడి, జెండా కప్పిన పెట్టెలో ఇంటికొచ్చిన రోజు నుంచి "అమరవీరులు హవల్దార్ ఎల్లేశ్ గారు" అయ్యాడు. గౌరవమే, ఎవరు కాదంటారు! కానీ ఆ "గారు" చెవిన పడ్డప్పుడల్లా ఎల్లేశ్ భార్య మనోజకు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి గురించి వింటున్నట్టే ఉండేది.

మర్యాదకు మాత్రం ఏ లోటూ లేదు. ఆగస్టు పదిహేనుకు బడిలో శాలువా, జనవరిలో మున్సిపల్ ఆఫీసులో శాలువా. బొంగులూరు దగ్గర ప్లాట్ల వెంచర్ పెట్టినవాళ్లు సైతం "వీరనారి చేతుల మీదుగా" అని రిబ్బన్ కత్తిరింపించి ఒకటి కప్పి పంపారు. మనోజ రోజూ కొంగరకలాన్ కలెక్టరేటుకు, ఎల్లేశ్ పోయాక సర్కారు ఇచ్చిన ఉద్యోగానికి వెళ్తుంది. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా సరే, కండక్టర్ ఎవరినో ఒకరిని లేపి, "జవాన్ భార్య, జర జాగియ్యండ్రి" అంటాడు. ఆమె వద్దన్నా వినరు. కూర్చున్నాక ఆ పక్క సీటు మనిషి కూడా బిగుసుకుపోయి, పండుగ గురించో పిల్లల గురించో నోరు తెరవకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. శాలువాలన్నీ మనోజ అత్త సుక్కమ్మ చలికాలం రాగానే వాడకట్టు ముసలమ్మలకు పంచేస్తుంది. "కప్పుకోండ్రి, మా ఎల్లిగాడు పంపిండు" అంటుంది. కొడుకును ఎల్లిగాడు అనగల మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే మిగిలింది.

ఊరు ఎన్నో ఇచ్చింది గానీ మనోజకు కావలసింది ఒక్క జవాబు. అది ఎల్లేశ్ చెప్తానని చెప్పకుండా పోయిన జవాబు.

మనోజ పుట్టిల్లు కోహెడ. తండ్రి కూలి మనిషి. పదో తరగతి తప్పి తోటల్లో కాయలు తెంపే పనికి పోతున్న రోజుల్లో ఇబ్రహీంపట్నం నుంచి గోపయ్య అనే పెద్దమనిషి ఊడిపడ్డాడు. పిల్లవాడు మిలట్రీలో ఉన్నాడు, కట్నం అక్కర్లేదు, పిల్లనిస్తారా అన్నాడు. మనోజ తండ్రి ఉన్నపళంగా మంచం వాల్చి కూర్చోబెట్టాడు. పెళ్లిచూపులకు ఎల్లేశ్ ఇస్త్రీ బట్టల్లో వచ్చి, చెమటలు కక్కుతూ, తల దించుకుని కూర్చుని, టీ సగం వదిలేసి వెళ్లాడు. నచ్చలేదేమో అనుకున్నారు. వారం తిరక్కుండా ముహూర్తం పెట్టించాడు.

మిలట్రీ ఉద్యోగానికి డిగ్రీ చదివిన పిల్లనిచ్చేవాళ్లు వరస కట్టి ఉండగా తననే ఎందుకు చేసుకున్నాడన్నది మనోజకు అంతు పట్టలేదు. పెళ్లయిన కొత్తలోనే అడిగేసింది.

"నా అసొంటి దాన్ని యాడ సూసి చేసుకున్నవ్? పట్నంల పిల్లలే దొరకలేదా నీకు?"

ఎల్లేశ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముసలైనంక చెప్త."

"గిప్పుడు చెప్తె ఏం బోతది?"

"నా ఇజ్జత్ బోతది. జీవితమంత ఎక్కిరిస్తవ్ నన్ను. పండ్లూడినంక చెప్త, అప్పుడు సక్కగ నవ్వరాదు గద నీకు."

ఆ తర్వాత ప్రతి లీవులోనూ ఇదే తంతు. ఆమె అడగడం, అతను ముసలైనంక అనడం. పక్కనే అతని చిన్ననాటి దోస్తు చెన్నయ్య ఉంటే చాలు, తాగుతున్న నీళ్లు కొరబోయి దగ్గుతూ బయటికి పరుగెత్తేవాడు. వాడికి తెలుసన్నమాట! మనోజకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది. చివరి లీవు అయిపోయి సంచి భుజాన వేసుకుని గుమ్మం దిగుతున్నప్పుడు కూడా అడిగింది. ఆమె తలలో తెల్ల వెంట్రుక కోసం వెతికినట్టు వంగి చూసి, "ఇంక ఏడ? మస్తు టైమున్నది" అని వెళ్లిపోయాడు.

లీవుల్లో తప్ప దొరకని మొగుడు. కాపురమంతా రైలు రాకకూ పోకకూ మధ్యలోనే సాగింది. పోయాక ఒక్కో జ్ఞాపకమూ పట్టు తప్పుతుండడం మనోజకు తెలుస్తూనే ఉంది. నడక గుర్తుంది. చేతి మీది మచ్చ గుర్తుంది. గొంతు మాత్రం కరిగిపోతోంది. కూతురు నందిని "బాపు ఎట్ల మాట్లాడుతుండె?" అని అడిగితే ఆమె చెవుల్లో మోగేది ఆ ఒక్క మాటే, "ముసలైనంక చెప్త." దాని తర్వాత ఏముందో తెలియకుండా తాను నిజంగానే ముసలిదైపోతానేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

ఇక చెప్పగలిగింది చెన్నయ్య ఒక్కడే. ఆ చెన్నయ్యేమో కొండెక్కి కూర్చున్నాడు. ప్లాట్లు అమ్మిపెట్టే పనిలో నాలుగు రాళ్లు వెనకేసుకుని, తెల్లచొక్కా తొడిగి, ఎల్లేశ్ పేర కమిటీ పెట్టి, దానికి తానే అధ్యక్షుడయ్యాడు. ప్రతి సభలోనూ మైకు పట్టుకుని "చిన్ననాటి నుండే క్రమశిక్షణకు మారుపేరు" అని మొదలుపెడతాడు. ఆ మాట వింటే సుక్కమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఏడుస్తోందని జనం అనుకుంటారు. ఆమె నవ్వు ఆపుకుంటోందని మనోజకు తెలుసు.

మనోజ మొదటిసారి అడిగినప్పుడు చెన్నయ్య కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇప్పుడు గదెందుకు వదినె" అన్నాడు. తర్వాత ఒకసారి దారిలో ఆపి అడిగితే ఎవరో పిలుస్తున్నారని తప్పుకున్నాడు. ఈ ఏడాది విగ్రహం పని మొదలయ్యాక, పట్టు వదలకుండా అతని ఆఫీసుకే వెళ్లింది.

"చెన్నయ్యా, గిదొక్కటి చెప్పు. ఇంకేం అడగ నిన్ను."

"వదినె, నువ్వు వీరనారివి. ఆయన అమరుడు. గసొంటి చిల్లర ముచ్చట్లు మనం మాట్లాడొద్దు" అన్నాడు చెన్నయ్య, గోడ మీది ఎల్లేశ్ ఫొటో వింటుందేమోనన్నట్టు గొంతు తగ్గించి.

"చిల్లరదే కావాలె నాకు. పెద్ద ముచ్చట్లు మైకుల ఇంటనే ఉన్న గద!"

"మనం నోరు జారితె ఊరు పట్టుకుంటది. విగ్రహం పెడ్తున్నం. ఆయన ఇజ్జత్ సూడాలె గదా."

మనోజకు అక్కడే అరిచి ఏడవాలనిపించింది. తన మొగుణ్ని ఊరు అంత ఎత్తున నిలబెట్టింది, చేయి చాపినా తనకే అందడం లేదు. లేచి వచ్చేసింది.

వర్ధంతి నాడే విగ్రహం తెరవాలని కమిటీ నిర్ణయించింది. అప్పుడు సుక్కమ్మ అడ్డం తిరిగింది. ఆ రోజు కొడుక్కు పిట్టకు పెట్టాల్సిందేనంది.

ఈ పక్క ఊళ్లల్లో మనిషి పోతే మూడో నాడు, మళ్లీ ఏడాది తిరిగినప్పుడు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా తిన్నట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో కొదవ మిగిలిందని లెక్క. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ పిల్లల్ని చూసుకుంటామనో, నీ మాట నిలబెడతామనో విస్తరి వైపు తిరిగి చెప్తారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ ముద్ద నోట పెట్టరు. ఎల్లేశ్ పోయిన మూడో నాడు ఆ వాడలో సైరన్ల కార్లు, టీవీ వాళ్లు, ఇసుక వేస్తే రాలని జనం. పిట్ట కాదు గదా, ఈగ కూడా విస్తరి మీద వాలలేదు. చివరికి ఆవుకు పెట్టి అయిందనిపించారు. ఏడాది మాసికం నాడూ కమిటీ సభ పెట్టి అదే పని చేసింది. నా కొడుకు ఆకలితోనే పోయిండని సుక్కమ్మ అప్పటినుంచీ కుములుతూనే ఉంది.

"పెద్దమ్మా, పెద్ద పెద్ద సార్లు వస్తరు. విగ్రహం కాడ కోడికూర, కల్లు పెడ్తె ఏమనుకుంటరు?" అన్నాడు చెన్నయ్య.

"నా కొడుకు కోడికూర తింటుండె, కల్లు తాగుతుండె. నీ రాయి తినదేమో గని!" అంది సుక్కమ్మ. చివరికి విగ్రహం వెనక ఖాళీ జాగాలో పెట్టుకునేలా ఒప్పందం కుదిరింది.

ఆ రోజు పొద్దున్నుంచే డీజే మోత. తెర లాగగానే టపాకాయల సరం కాల్చారు. చెట్ల మీది కాకులన్నీ ఒక్కపెట్టున లేచి, చెరువు వైపు పోయినవి పోయినట్టే. ఇంత తెలివైన కమిటీకి ఆ సంగతి తోచలేదు! ఉపన్యాసాలయ్యాయి, శాలువాలయ్యాయి, పెద్దసార్లు కార్లెక్కి వెళ్లిపోయారు. విగ్రహం బాగానే ఉంది, నిటారుగా ఛాతీ విరుచుకుని. మనోజ దాని మొహం వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

అందరూ వెనక్కి వచ్చారు. సుక్కమ్మ విస్తరి పరిచి బగారన్నం, నాటుకోడి కూర, గారెలు వడ్డించి, కల్లు సీసా పక్కన పెట్టింది. దూరంగా జరిగి ఎదురుచూశారు. ఎండ ముదిరింది. ఆకాశంలో పిట్ట జాడ లేదు. అవతల షామియానా కింద వంటలు ఘుమఘుమలాడుతున్నాయి, జనం కడుపులు కాలుతున్నాయి.

వార్డు కౌన్సిలర్ ముందుకొచ్చి, "ఎల్లేశ్ గారూ, మీ విగ్రహానికి గొడుగు కట్టిస్తం" అన్నాడు. పిట్ట రాలేదు. కమిటీ కుర్రాళ్లు ఏటా క్రికెట్ టోర్నమెంట్ పెడతామన్నారు. ఇంకెవరో వీధికి పేరు పెట్టిస్తామన్నారు. ఎల్లేశ్ ఎన్నడూ బ్యాటు ముట్టి ఎరగడు, వీధికి పేరు లేదని బాధపడ్డదీ లేదు. నందిని చేతులు కట్టుకుని, "బాపూ, మంచిగ సదువుకుంట" అంది. దానికీ రాలేదు. పిల్ల మొహం చిన్నబోయింది.

మెల్లగా జనం షామియానా నీడకు జారుకున్నారు. విస్తరి దగ్గర మనోజ, సుక్కమ్మ, నందిని, చెన్నయ్య మిగిలారు. సుక్కమ్మ నేల మీద చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది. "ఏం తక్కువైందిరా కొడుకా? నీకు ఏం జెయ్యలే మేము?"

మనోజకు పిట్టల మీద పెద్ద నమ్మకమేమీ లేదు. వచ్చినా రాకపోయినా పోయినవాడు రాడని ఆమెకు తెలుసు. కానీ అత్త ఏడుపు చూడలేకపోయింది. పక్కన చెన్నయ్య చేతులు నలుపుకుంటూ ఆకాశంలోకి చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. విస్తరి ముందుకెళ్లి నిలబడింది.

"నువ్వు ముసలైనంక చెప్త అన్నవ్. ముసలోనివి కాకుండనే పోయినవ్. నీకు మిగిలిన కొదవ గదే అయితది. గా మాట నీ దోస్తు నోట్ల ఉన్నది. ఆయన చెప్పడు, నువ్వు తినవు. ఇగ నేనేం జెయ్యాలె?"

సుక్కమ్మ ఏడుపు ఆపింది. చెంగుతో మొహం తుడుచుకుని చెన్నయ్య వైపు తిరిగింది. "ఏందిరా చెన్నిగా? నా కొడుకు మాట నోట్ల పెట్టుకొని వాణ్ని పస్తుంచుతున్నవా?"

పిట్ట ముట్టకపోవడమంటే చెన్నయ్యకు ప్రాణభయం. "పెద్దమ్మా, గది చెప్తె ఎల్లేశ్ గారిని ఊరంత దొంగ అంటరే!"

"వాడు దొంగనే! నా పోపు డబ్బల పైసలు ఎవడు తీస్తుండె? చెప్పు!"

చెన్నయ్య అటూ ఇటూ చూశాడు. జనం దూరంగా ఉన్నారు. తెల్లచొక్కా సంగతి మరిచి మట్టిలోనే కూర్చున్నాడు.

"ట్రైనింగయినంక మొదటి లీవుల వచ్చిండు వదినె. ఒంటి మీది యూనిఫారం ఇప్పకపోతుండె. దావత్‌కు పోయినా గదే, దవాఖానకు పోయినా గదే. అబ్దుల్లాపూర్‌మెట్‌ల దోస్తు పెండ్లుంటె నా బండి మీద పోతున్నం. కోహెడ కాడ మామిడితోట కనవడ్డది. కాయలు మస్తున్నయ్. ఆగు అన్నరు ఎల్లేశ్ గారు. నేను ముందుగాల చెట్టెక్కిన. ఆయన నా ఎనకాల ఎక్కబోయిండు. వానికి చెట్టెక్కుడు యాడొస్తది! కొమ్మ ఇరిగి దభీమని చెట్టు మొదట్ల పడ్డడు. అప్పుడే నీళ్లు పెట్టిండ్రు, బురద. మొఖమంత బురదనే."

గారు నుంచి ఆయనకూ, ఆయన నుంచి వాడికీ చెన్నయ్య ఎప్పుడు దిగాడో అతనికే తెలియదు. సుక్కమ్మ చెంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

"కావలి ముసలోడు కట్టె పట్టుకొని ఉరికొస్తుండు. ఎల్లిగాడు ఏం జేసిండో ఎర్కేనా? గబగబ యూనిఫారం అంగి ఇప్పి పైనున్న నాకు ఇసిరిండు. 'ఇది కనవడనియ్యకురా, ఆర్మీ పేరు బద్నాం అయితది' అన్నడు. బనీను మీద దొరికిండు. ముసలోడు తువ్వాలతోని వాణ్ని చెట్టుకు కట్టేసిండు. నేను పైన కొమ్మల నక్కి కూసున్న, అంగి ఒళ్లె పెట్టుకొని. కిందికి ఊపిరి గూడ ఇడువలే."

నందిని నోరు తెరుచుకుని వింటోంది. "బాపును కట్టేసిండ్రా?"

"కట్టేసిండ్రు బిడ్డా. గంతల కాయలు తెంపే కూలి పిల్లలు బువ్వ తినటానికి వచ్చిండ్రు. వాణ్ని సూసి ఒకటే నవ్వుడు. వాళ్లల్లకెల్లి ఒక పిల్ల చెంబుల నీళ్లు పట్టుకొని వచ్చింది." చెన్నయ్య ఆగి, మనోజ మొహంలోకి చూశాడు. "'చెట్టెక్కుడు రానోనికి దొంగతనమెందుకురా, షరం లేదా?' అన్నది. తిడుతనే నీళ్లు తాపింది. 'ఆకలికి తెంపుకున్నడు, ఇడువు తాతా' అని ముసలోణ్ని బతిలాడి కట్టు ఇప్పించింది."

మనోజ చేయి నోటికి పోయింది.

తోట గుర్తొచ్చింది. కావలి తాత గుర్తొచ్చాడు. చెట్టుకు కట్టేసిన ఎవడో దొంగ, వాడి మీద పడి నవ్విన తోటి పిల్లలు, చెంబు వంచితే గడ్డం మీదుగా కారిపోయిన నీళ్లు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తలుచుకోని రోజది. ఎవడో ఏమోనని అప్పుడే మరిచిపోయింది.

"పెండ్లికి పోలే మేము. బండి తిప్పమన్నడు" అన్నాడు చెన్నయ్య. "తొవ్వంత గదే ముచ్చట. 'నన్ను దొంగతనమెందుకురా అన్నదిరా! చేసుకుంటె గా పిల్లనే' అన్నడు. మళ్ల లీవుల వచ్చి కోహెడ మొత్తం తిరిగి నీ పేరు తెల్సుకున్నడు. గోపయ్య తాత కాళ్లు పట్టుకొని మీ ఇంటికి పంపింది వాడే. పెండ్లిచూపులల్ల నువ్వు గుర్తుపడ్తవని చెమటలు పట్టినయ్ వానికి. నువ్వు గుర్తుపట్టలే. బయటికి వచ్చి నన్ను పట్టుకొని ఎగిరిండు."

"నన్ను సూసే వచ్చిండా?" మనోజ అతని ఎదురుగా కూర్చుంది. "ముందుగాలనే?"

"నిన్ను తప్ప ఎవల్ని సూడలే వదినె."

"ముట్టింది! అరె, ముట్టింది!" సుక్కమ్మ కేక పెట్టింది. ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక కాకి, విస్తట్లో కోడిముక్కను కాలితో అదిమిపట్టి పొడుస్తోంది. షామియానా కింద జనం లేచి చప్పట్లు కొట్టారు. నందిని నాయనమ్మ చేయి పట్టుకుని గెంతింది. చెన్నయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

మనోజ ఒక్కతే అటు చూడలేదు. కళ్లు మూసుకుని ఆ బురద మొహాన్ని పట్టుకోవడానికి తంటాలు పడుతోంది. బనీను కనబడుతోంది, కట్టేసిన చేతులు కనబడుతున్నాయి. మొహం మాత్రం రావడం లేదు. అప్పుడు సరిగ్గా చూస్తే కదా! తోటి పిల్లలు పిలుస్తున్నారని, బువ్వకు పొద్దుపోతోందని, చెంబు ఖాళీ కాగానే గిర్రున తిరిగి వచ్చేసింది.

"ఏమైంది వదినె?" చెన్నయ్య కంగారుపడ్డాడు. "చెప్పకపోతె బాగుండునా?"

ఆమె కాదని తల ఊపింది. కన్నీళ్లు చెంపల మీదుగా దిగుతున్నా తుడుచుకోలేదు.

"నాకు ఎర్కుంటె ఇంకింతసేపు నిలబడుతుంటి గద, చెన్నయ్యా" అంది.